గాజుల చప్పుడైనా వినిపించే పాటలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో నార్వే దేశపు జంట ‘కింగ్స్ ఆఫ్ కన్వీనియన్స్’ గురించి నాలుగు వాక్యాలు రాశాను. ఇద్దరు స్నేహితులు, రెండు గిటార్లు, రెండు గొంతులు. ఆ నాలుగు వాక్యాలకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొందరు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు, కొందరు కచేరీకి వెళ్ళాలంటే ఏం చేయాలని అడిగారు, ఒక మాస్టారైతే కోప్పడ్డారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. మీరు రాసింది చదివి ఈ బ్యాండ్ పాటలన్నీ వరసగా పెట్టుకున్నాను. మొదటి పాట చాలా బాగుంది. ఆరో పాటకొచ్చేసరికి అన్నీ ఒకేలా అనిపించి, ల్యాబ్ రికార్డు రాసుకుంటూ వెనకాల అలా వదిలేశాను. నాకు వినడం రావట్లేదా? ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: వినడం రాకపోవడం కాదమ్మా, వెనకాల వదిలేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. హోరున సాగే పాటని వెనకాల పెట్టుకున్నా అదే మన దగ్గరికి వచ్చేస్తుంది. ఈ పాటలు అలా రావు. మనమే వెళ్ళాలి. పైగా హాస్టల్ గదిలో ఫ్యాన్ అయిదు మీద తిరుగుతూ ఉంటుంది. ఆ ఫ్యాన్ గాలి చప్పుడులోనే ఈ పాటల్లో సగం కలిసిపోతుంది. మిగిలిన సగం వింటే అన్నీ ఒకేలా ఉండక ఏం చేస్తాయి?

ఒక్క పని చేయి. ఈ రాత్రి పది నిమిషాలు ఫ్యాన్ ఒకటికి తగ్గించు. ఫోన్‌లో పాటలు కలిపేసి వేసే షఫుల్ ఆపేయి, డేటా పొదుపు చేసే సెట్టింగ్ ఉంటే అదీ తీసేయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ‘హోమ్‌సిక్’ అనే పాట ఒక్కటే మూడుసార్లు విను. మొదటిసారి గొంతుల్ని పట్టించుకోకు, గిటార్లు మాత్రమే. వేళ్ళు ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి జరిగేటప్పుడు తీగ మీద చిన్న కీచు శబ్దం వస్తుంది, అది వినిపించేంత వరకే వాల్యూమ్ పెంచు, అంతకు మించొద్దు. రెండోసారి కింది గొంతు వెంట వెళ్ళు. మూడోసారి పై గొంతు వెంట. ఇలా చేశాక మళ్ళీ నాకు రాయి, ఇంకా ఒకేలా ఉన్నాయంటే అప్పుడు ఒప్పుకుంటాను.

ఇక ఆల్బమ్‌ల వరస. చాలామంది మొదటిదాంతో మొదలుపెట్టమంటారు. నేను మాత్రం 2004లో వచ్చిన రెండోదాంతో మొదలుపెట్టమంటాను. పేరు ‘రాయట్ ఆన్ యాన్ ఎంప్టీ స్ట్రీట్’. ‘హోమ్‌సిక్’ అందులో మొదటి పాట. పన్నెండు పాటలున్న ఈ ఆల్బమ్‌లో కొత్తవాళ్ళు పట్టుకోవడానికి గుర్తులు చాలా ఉన్నాయి. రెండో పాట ‘మిస్‌రెడ్’లో పియానో వస్తుంది. అయిదో పాట ‘నో-హౌ’ సగం దాటాక హఠాత్తుగా ఒక ఆడగొంతు తలుపు తీసుకుని లోపలికి వచ్చినట్టు వస్తుంది. ఆవిడ కెనడా గాయని ఫైస్ట్. ఆఖరి పాటలో మళ్ళీ ఆవిడే కనిపిస్తుంది. మధ్యలో ఎనిమిదో పాటకి కాలు దానంతటదే కదులుతుంది. దాని వీడియోలో ఈ ఇద్దరిలో ఒకడైన ఎర్లెండ్, కళ్ళద్దాల పొడుగాటి మనిషి, చిన్న చిన్న ఆడపిల్లలకి డాన్స్ మాస్టారుగా ఉంటాడు. మనసు బాగోలేని రోజు ఆ వీడియో చూడు.

రెండోది విన్నాక 2001 నాటి మొదటి ఆల్బమ్ ‘క్వైట్ ఈజ్ ద న్యూ లౌడ్’కి వెళ్ళు. ఇప్పుడు నిశ్శబ్దమే కొత్త హోరు అని ఆ పేరుకి అర్థం. ఆ పేరుతోనే, తక్కువ గొంతుతో పాడే ఆనాటి కుర్రాళ్ళందర్నీ కలిపి పిలవడం మొదలైంది. దాన్ని రికార్డు చేయించిన కెన్ నెల్సన్, దానికి ముందు ఏడాది బ్రిటన్ బ్యాండ్ కోల్డ్‌ప్లే వాళ్ళ మొదటి ఆల్బమ్‌కి పనిచేసినాయనే. అదే ఏడాది ‘వర్సస్’ అని ఇంకోటి వచ్చింది, అందులో ఈ పాటలనే వేరేవాళ్ళు ఎలక్ట్రానిక్ సంగీతంతో మార్చి కట్టారు. అది ఇప్పుడే వద్దు.

మూడోది 2009లో వచ్చిన ‘డిక్లరేషన్ ఆఫ్ డిపెండెన్స్’. నా మనసులో మాట చెప్పాలంటే వాళ్ళు చేసినవాటిలో ఇదే గొప్పది. పదమూడు పాటలు, ఎక్కడా డ్రమ్స్ లేవు. తాళం లేదని కాదు. గిటార్ తీగల మీద కుడిచెయ్యి చప్పున వేసి ఆపుతారు చూడు, తాళం అందులోనే ఉంది. ‘మిసెస్ కోల్డ్’ అనే పాటలో అది స్పష్టంగా తెలుస్తుంది. ఇందులో ఒక చిన్న విశేషం ఉంది. 2004 ఆల్బమ్ పేరుతో ఉన్న పాట ఆ ఆల్బమ్‌లో లేదు, అయిదేళ్ళ తర్వాత ఇందులో ఉంది. పేరు ముందు పుట్టి, పాట తర్వాత చేరింది.

నాలుగోది ‘పీస్ ఆర్ లవ్’, 2021 జూన్‌లో వచ్చింది. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య పన్నెండేళ్ళు! అయిదేళ్ళ పాటు అయిదు ఊళ్ళలో రికార్డు చేశారు. మొదట విన్నప్పుడు మధ్యలో పాటలు నాకు అంత పట్టలేదు. ఆ ఏడాది వానాకాలంలో వంటింట్లో ‘రాకీ ట్రైల్’ మళ్ళీ మోగినప్పుడు, చేతిలో ఉన్న బీరకాయ అక్కడే పెట్టేసి నిలబడిపోయాను. దీనికి కాస్త టైమివ్వాలి.

ఇంత ఎడం ఎందుకు వచ్చిందో తెలిస్తే పాటలు ఇంకా బాగా అర్థమవుతాయి. ఐరిక్ బో, ఎర్లెండ్ ఓయె ఇద్దరూ 1975లో పుట్టారు. ఇద్దరిదీ బెర్గెన్ అనే ఓడరేవు ఊరు, చుట్టూ కొండలు, ఏడాదిలో రెండొందల రోజులకి పైగా వాన. ఒకే బడి, ఒకే తరగతి. పదహారేళ్ళప్పుడు ఇంకో ఇద్దరు స్నేహితులతో కలిసి ‘స్కోగ్’ అని బ్యాండ్ పెట్టారు, ఆ మాటకి అడవి అని అర్థం. అది విడిపోయాక ఇద్దరే మిగిలారు. ఆ తర్వాత ఐరిక్ బెర్గెన్‌లోనే ఉండిపోయి మనస్తత్వ శాస్త్రం చదువుకున్నాడు. ఎర్లెండ్‌కి కాలు నిలవదు. పది ఊళ్ళు తిరిగి పదిమందితో పది పాటలు చేసి 2003లో సొంత ఆల్బమ్ వేశాడు. బెర్లిన్‌లో ఉండి డీజేగా చేశాడు, అక్కడే ఇంకో బ్యాండ్ నడిపాడు, ఆ తర్వాత ఇటలీ దక్షిణాన సిసిలీ ద్వీపంలో సిరకూజా అనే ఊరు చేరాడు. ఒకడు ఇంటి మనిషి, ఒకడు దారిన పోయే మనిషి. వాళ్ళ పాటల్లో సగం ఈ ఇద్దరి మధ్య జరిగే మాటల్లాగే నాకు వినిపిస్తాయి. ఊరు వదిలి హాస్టల్లో ఉన్నదానివి కాబట్టి నీకు ‘హోమ్‌సిక్’ నాకన్నా ముందే అందుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఘంటసాల గారి గొంతు విన్న చెవులివి. మా అబ్బాయి మీ శీర్షిక చూసి ఈ పాటలు ఇంట్లో పెట్టాడు. ఇందులో పాడటం ఏముందమ్మా? పక్కింటివాళ్ళకి వినపడకూడదని గుసగుసలాడుకున్నట్టుంది. గొంతెత్తి పాడలేని వాళ్ళని గాయకులంటే ఎలా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: మాస్టారూ, మీ కోపం నాకు బాగా నచ్చింది. పాట మీద ప్రేమ లేనివాళ్ళకి ఇలాంటి కోపం రాదు. గొంతెత్తి పాడటం గొప్ప విద్యే, అందులో నాకు రెండో మాట లేదు. అయితే గొంతు దించి పాడటం అంతకన్నా తేలికని మాత్రం నేను ఒప్పుకోను. దానికి నా దగ్గర ముప్పయ్యేళ్ళ సాక్ష్యం ఉంది.

నేను ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో రికార్డింగ్ పనిచేసిన మనిషిని. లలిత సంగీతం పాడే అమ్మాయిలు స్టూడియోలోకి రాగానే చేసే మొదటి పని ఏమిటో తెలుసాండీ? గాజులు తీసి రుమాల్లో చుట్టి పక్కన పెట్టడం. పాట మధ్యలో చెయ్యి కదిలితే గాజుల చప్పుడు టేపు మీద పడుతుంది. పట్టుచీర కట్టుకొచ్చినవాళ్ళకి కదలొద్దని చెప్పేదాన్ని, ఆ గరగర కూడా మైక్ వదలదు. మైక్ నోటికి జానెడు దూరంలో ఉంటుంది. అంత దగ్గర్నుంచి వినే చెవి ముందు గొంతులో చిన్న వణుకు దాగదు, ఊపిరి పీల్చిన చోటు దాగదు, శ్రుతి వెంట్రుకవాసి జారినా దాగదు. గట్టిగా పాడేటప్పుడు ఆ జోరులో కొట్టుకుపోయే తప్పులు మెల్లగా పాడేటప్పుడు ఒక్కోటి ఒక్కో దీపంలా వెలుగుతాయి. మెల్లగా పాడి శ్రుతిలో నిలబడిన వాళ్ళని చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపించేది.

ఈ ఇద్దరు చేసేది ఇంకో మెట్టు పైన ఉంది. మన జంట గాత్రంలో ఇద్దరూ ఒకే స్వరం మీద నడుస్తారు. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటారు. వీళ్ళ పద్ధతి వేరు. ఒకే మాటని, ఒకే క్షణంలో, ఒకరు కింది స్వరం మీద, ఒకరు పై స్వరం మీద పాడతారు. ఒకరు షడ్జమం మీద ఉంటే రెండోవారు గాంధారం దగ్గర ఉన్నారనుకోండి. ఆ రెండూ కలిసిన చోట మూడో గొంతు ఏదో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. ఇద్దరిలో ఎవరి గొంతు కాస్త పెరిగినా ఆ భ్రమ పోతుంది. మాటలో ఆఖరి అక్షరం ఎక్కడ వదలాలో కూడా ఇద్దరికీ ఒకేసారి తెలియాలి. చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగినవాళ్ళకే అది వస్తుందేమో అనిపిస్తుంది నాకు.

ఒక్కసారి నా మాట మీద మీ అబ్బాయిని అడిగి ‘మై షిప్ ఈజ్‌ంట్ ప్రెటీ’ అనే పాట పెట్టించుకోండి. రాత్రి భోజనాలయ్యాక, టీవీ కట్టేశాక. పాట నచ్చకపోయినా ఫరవాలేదు, ఇద్దరి ఊపిరీ ఎక్కడ కలుస్తుందో అది ఒక్కటి చూడండి. పద్యం చెప్పించిన మాస్టారికి యతిస్థానం పట్టుకోవడం నేను నేర్పాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మేమిద్దరం యూరప్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళబోతున్నాం. వీలు కుదిరితే వీళ్ళ లైవ్ షో చూడాలని మా ఆవిడ కోరిక. మేం ఇక్కడ సినిమా సంగీత కచేరీలు తప్ప చూడలేదు. టికెట్ ఎలాంటిది తీసుకోవాలి, అక్కడ ఎలా ఉండాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: టెన్షన్ పడకండి. నేను ఒకే ఒక్కసారి చూశాను, 2022 వేసవిలో, మా అమ్మాయి ఉద్యోగం చేసే ఇటలీలో. వెళ్ళేటప్పుడు మీకున్న భయాలే నాకూ ఉన్నాయి.

ముందు టికెట్ సంగతి. వాళ్ళు ఎప్పుడు ఎక్కడ పాడతారో వాళ్ళ సొంత వెబ్‌సైట్‌లోనే చూడండి, అక్కడి లింకు నుంచే కొనండి. పెద్ద పండగలాంటి మ్యూజిక్ ఫెస్టివల్లో వాళ్ళ పేరు కనిపిస్తే తొందరపడొద్దు. అక్కడ పక్క స్టేజీ మీది డ్రమ్స్ దడదడ వచ్చి వీళ్ళ పాట మీద పడుతుంది, తిండి కొట్ల దగ్గర మాటలు, నిలబడే జనం. వాళ్ళు విడిగా చేసే షో, అదీ కుర్చీలు ఉండే హాలు లేదా థియేటర్ అయితే వెంటనే తీసుకోండి. డబ్బు ఎక్కువైనా ముందు వరసల వైపు మొగ్గండి. పెద్ద స్పీకర్లుంటాయి కాబట్టి వెనక్కీ వినిపిస్తుంది. ఇద్దరూ ఒకరి వేళ్ళు ఒకరు చూసుకుంటూ, కళ్ళతో ‘ఇప్పుడు’ అనుకుని పాట అందుకోవడం మాత్రం దగ్గర్నుంచే కనిపిస్తుంది. నాకు పాటలకన్నా అదే ఎక్కువ గుర్తుంది.

నేను వెళ్ళింది ఆరుబయట వేసిన వేదిక. ఇంకా చీకటి పడలేదు. పెద్ద స్టేజీ మీద రెండు మైకులు, రెండు గిటార్లు. ఇంతమంది జనానికి ఈ ఇద్దరూ ఎలా చాలుతారు అనుకున్నాను. మొదటి పాట మొదలైంది. అంతవరకూ కబుర్లాడుతున్న వేలమందీ ఒక్కసారిగా గప్‌చిప్ అయిపోయారు. ఎవరూ ‘ఉష్’ అనలేదు. పాటే అంత మెల్లగా ఉంది మరి, వినాలంటే నోరు మూసుకోవడం తప్ప దారి లేదు.

అప్పుడే పైట సర్దుకోబోయాను. నా చేతి గాజులు గలగలమన్నాయి.

ఇంట్లో అయితే అది చప్పుడే కాదు. అక్కడ మాత్రం నాకు పళ్ళెం కింద పడ్డట్టు వినిపించింది. ముందు వరసలో ఒకాయన తల కాస్త పక్కకి తిప్పాడు. ముప్పయ్యేళ్ళు ఎంతమందిచేతో గాజులు తీయించిన దాన్ని, ఆ రోజు నా చేతికి ఉన్నాయన్న ధ్యాసే లేదు. ఒక్కో గాజునీ మెల్లగా మోచేతి వైపు పైకి తోసి, కండకి బిగిసిపోయేలా పెట్టి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటులో మా అమ్మాయి నా మోచెయ్యి నొక్కి నవ్వింది. పాటలు అయిపోయేసరికి గాజులు చర్మం మీద ఎర్రగా అచ్చులు వేశాయి. ఆ అచ్చులు చూసుకుంటే నాకు సంతోషంగానే అనిపించింది, మళ్ళీ స్టూడియోలో ఎర్రలైటు వెలిగాక కూర్చున్నట్టు.

మీ ఆవిడకి అందుకే చెబుతున్నాను, గాజులు బసలోనే తీసిపెట్టి రమ్మనండి. చాక్లెట్ కాగితాలు, ప్లాస్టిక్ సంచులు వద్దు. ఫోన్ వైబ్రేషన్‌లో కాదు, పూర్తిగా కట్టేయండి. ఒకట్రెండు నిమిషాలు వీడియో తీసుకునేవాళ్ళు అక్కడా ఉన్నారు. నేనైతే తీయలేదు, తీసి ఉంటే ఆ వేళ్ళని చూసేదాన్ని కాదు.

చప్పట్ల విషయం ముఖ్యం. మన కచేరీల్లో పాట నడుస్తుండగానే తాళం వేస్తాం, భేష్ అంటాం, అది మన పద్ధతి, మంచి పద్ధతి. అక్కడ పాట ముగిసి ఆఖరి తీగ మోత పూర్తిగా ఆగేదాకా చేతులు కలపొద్దు. మధ్యలో తాళం కావాలనిపించినప్పుడు వాళ్ళే అడుగుతారు, చప్పట్లు కాదు, చిటికెలు వేయమని. వేలమంది ఒకేసారి చిటికెలు వేస్తే ఎలా ఉంటుందో తెలుసా? పెంకుటింటి మీద చినుకులు మొదలైనట్టు ఉంటుంది. నాకు ఒళ్ళు జలదరించింది. మీ ఇద్దరూ చిటికెలు ఇప్పట్నుంచే సాధన చేయండి!

ఇంకో సంగతి. మొత్తం షో అలా బిగబట్టుకుని కూర్చునేదేమీ కాదు. మొదటి భాగం ఇద్దరే పాడతారు, పాటల మధ్య సరదాగా కబుర్లు చెబుతారు. ఎర్లెండ్ పెదాలతో ట్రంపెట్ ఊదినట్టు శబ్దం చేస్తాడు, కళ్ళు మూసుకుంటే నిజం ట్రంపెటే అనుకుంటారు. తర్వాత ఇంకొందరు వాయిద్యకారులు వచ్చి చేరారు. అప్పుడు ఆయన గిటార్ పక్కన పెట్టి డాన్స్ మొదలుపెట్టాడు, జనం కూడా లేచారు. చీరకట్టులో నేనూ లేచాను. అప్పుడు మాత్రం ఎవరికీ ఏ మొహమాటమూ అక్కర్లేదు. అంతసేపూ మెల్లగా ఉన్నందువల్లే ఆ ఆఖరి అరగంట అంత పండగలా ఉంటుంది.

వెళ్ళేముందు ‘మిస్‌రెడ్’, ‘బోట్ బిహైండ్’ అనే రెండు పాటలూ పదేసిసార్లు విని వెళ్ళండి. జనంతో కలిసి రెండు ముక్కలు పాడుకోవడానికి పనికొస్తాయి.

ప్రశ్న: అక్కా, నేను వరంగల్‌లో గిటార్ నేర్చుకుంటున్నాను, ఏడాదైంది. ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళ) కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం, బాగానే వాయిస్తాను. వీళ్ళ పాటలు వాయించబోతే కార్డ్స్ సరిపోతున్నాయి కానీ ఆ పాటలా వినిపించడం లేదు. ఏం తక్కువైంది? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: నువ్వు ఒక్కడివే వాయిస్తున్నావు తమ్ముడూ, అదీ సంగతి. వాళ్ళవి రెండు గిటార్లు, రెండూ వేరు వేరు పనులు చేస్తాయి. స్టేజీ మీద ఐరిక్ చేతిలో ఎక్కువగా నైలాన్ తీగల గిటార్ ఉంటుంది, ఎర్లెండ్ చేతిలో ఉక్కు తీగలది. నైలాన్ తీగ మోత గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, త్వరగా ఆరిపోతుంది. ఉక్కు తీగది సన్నగా మెరుస్తూ ఎక్కువసేపు నిలుస్తుంది. మొదటిది గోడ కడితే రెండోది దాని మీద ముగ్గు వేస్తుంది. ఆ రెండిట్నీ కలిపి ఒకే గిటార్ మీద కార్డ్స్‌గా కొడితే గోడా ఉండదు, ముగ్గూ ఉండదు.

కాబట్టి ముందు ప్లెక్ట్రమ్ పక్కన పెట్టు. బొటనవేలికి కింది స్వరం తీగలు, చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళకి పై స్వరం మూడు తీగలు అప్పగించు. నాలుగు వేళ్ళూ ఒకేసారి మీటడం, విడివిడిగా మీటడం రెండూ సాధన చేయి. వీళ్ళ మీద బ్రెజిల్ దేశపు బోసా నోవా అనే సంగీతం ప్రభావం గట్టిగా ఉంది. అందులో బొటనవేలు గడియారంలా నడుస్తుంటే మిగతా వేళ్ళు తాళానికి కాస్త ముందూ వెనకా పడతాయి. రోజూ పదిహేను నిమిషాలు, రెండే కార్డ్స్ మీద, మెల్లగా చేయి. వేగం కోసం చూడకు.

ఆ తర్వాత ఒక స్నేహితుణ్ణి వెతుక్కో. ఇది సలహా అనుకోకు, ఈ పాటల్లో అసలు పాఠమే ఇది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. ఒకడు వాయిస్తుంటే రెండోవాడు అతని స్వరాలకి ఖాళీ ఉన్నచోట మాత్రమే వాయించాలి. మొదట్లో ఇద్దరూ ఒకే చోట పడి గజిబిజి అవుతుంది. అలా అయినప్పుడల్లా ఇద్దరూ ఇంకాస్త తగ్గించండి, పెంచొద్దు. ఎదుటివాడి గిటార్ నీ గిటార్‌కన్నా నీకు బాగా వినిపిస్తోందంటే దారిలో పడ్డట్టే. ‘కేమన్ ఐలాండ్స్’ అనే పాటతో మొదలుపెట్టండి, మూడు నిమిషాల పాటే.

ప్రశ్న: మేడమ్, వాళ్ళ ఇంగ్లిష్ నాకు సగమే అర్థమవుతోంది. పాట అనుభవించాలంటే సాహిత్యం మొత్తం తెలియాలా? ఇలాంటివాళ్ళు ఇంకెవరున్నారు? (ఒక పాఠకురాలు, విజయనగరం)

జవాబు: వాళ్ళదీ ఇంగ్లిష్ సొంత భాష కాదండీ, నార్వేవాళ్ళు. అందుకేనేమో మాటలు చిన్నవి, వాక్యాలు తేలిక. మొదటి పదిసార్లు అర్థం గురించి ఆలోచించకుండా వినండి. తర్వాత ఒక పాట సాహిత్యం ఫోన్‌లో ముందు పెట్టుకుని మీ చేత్తో కాగితం మీద రాసుకోండి, చదివిందానికన్నా రాసింది ఎక్కువ నిలుస్తుంది. ‘ద వెయిట్ ఆఫ్ మై వర్డ్స్’ అని మొదటి ఆల్బమ్‌లో ఉంది, తన మాట బరువు ఎదుటి మనిషికి తెలుస్తుందా లేదా అన్న బెంగ. దాంతో మొదలుపెట్టండి.

ఇలాంటివాళ్ళంటే, ఈ ఇద్దరికీ ముందు దారి వేసిన అమెరికా జంట సైమన్, గార్ఫంకెల్ ఉన్నారు. ఒంటరి గొంతు కావాలంటే ఇంగ్లండ్ నిక్ డ్రేక్, మూడే ఆల్బమ్‌లు చేసి 1974లో ఇరవయ్యారేళ్ళకే పోయాడు. బోసా నోవా మూలాలు కావాలంటే బ్రెజిల్ జువావ్ జిల్‌బెర్తో. ముగ్గుర్నీ ఒకే వారంలో వినేయకండి. నెలకొకరు చాలు. నిక్ డ్రేక్‌ని మాత్రం తెల్లవారుజామున, వీధిలో పాలవాడి బండి రాకముందు వినండి.